పెళ్ళి డీవీడీలూ హ్యాండ్‌బ్రేకూ: నాలుగేళ్ళు వాడాక

మా ఇంట్లో డీవీడీలు బీరువాలో పట్టుచీరల మధ్య ఉంటాయి. అక్క పెళ్ళి, పిన్ని కూతురి పెళ్ళి, బాబాయి వాళ్ళ గృహప్రవేశం, మేనల్లుడి అన్నప్రాసన. అమ్మ దృష్టిలో అవి నగలతో సమానం. కానీ ప్లేయర్ పాడై చాలా ఏళ్ళయింది, కొత్త లాప్‌టాప్‌లో డిస్క్ పెట్టే చోటే లేదు. 2021 సంక్రాంతికి అందరం చేరినప్పుడు అక్క పెళ్ళి వీడియో చూద్దామనుకుంటే ఏ దారీ దొరకలేదు. డిస్కుల్లోని వీడియోల్ని ఫోన్లోనూ టీవీలోనూ ఆడే ఫైళ్ళుగా మార్చే ఈ పని అప్పుడు మొదలైంది. నాలుగేళ్ళలో 130 పైచిలుకు డిస్కులు మార్చాను. మావి కొన్ని, చుట్టాలవి ఎక్కువ. ఫలానా వాళ్ళబ్బాయి సీడీలు ఫోన్లోకి ఎక్కిస్తాడట అని ఊళ్ళో పేరు పడిపోయింది మరి.

మొదట నేను చేయలేదు. బజార్లో ఒక షాపులో ఇచ్చాను, డిస్కుకి 150 రూపాయలు. ఫైలు వచ్చింది గానీ అందులో మా బావ మొహం గుమ్మడికాయలా ఉంది. పాత చదరపు బొమ్మని వెడల్పు టీవీకి సరిపోయేలా లాగేశారు. పైగా మూలన ఏదో సాఫ్ట్‌వేర్ పేరు చివరిదాకా అలాగే ఉంది. అడిగితే "అన్నీ అంతే వస్తాయి సార్" అన్నాడు. అంతే రావు. ఆ సంగతి ఇంటికొచ్చి సొంతంగా చేశాకే తెలిసింది.

సొంతంగా చేయడానికి కొన్నది ఒక్కటే, యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్. పదిహేను వందల లోపే. వీడియోని చిన్న ఫైలుగా మార్చే సాఫ్ట్‌వేర్ పేరు హ్యాండ్‌బ్రేక్, పూర్తిగా ఉచితం. ఎరిక్ పెటి అనే ప్రోగ్రామర్ 2003లో మొదలుపెట్టాడు. 1.0 వెర్షన్ వచ్చేసరికి 2016 డిసెంబర్ అయింది. పదమూడేళ్ళు పట్టినా తొందరపడని వాళ్ళంటే నాకు నమ్మకం. గుర్తుగా అనాసపండు, పక్కన గ్లాసు ఉంటాయి. ఎందుకో నేనెప్పుడూ ఆరా తీయలేదు. దించుకునేది మాత్రం వాళ్ళ సొంత సైటు, హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్‌ఆర్ నుంచే దించుకోండి. 2017 మే నెలలో వాళ్ళ డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదాంట్లోకే ఎవరో చొరబడి మ్యాక్ ఫైలు బదులు వైరస్ ఉన్నది పెట్టారు. అసలు చోటే అలా అయితే, వెతికితే పైన కనపడే దొంగ సైట్ల సంగతి చెప్పాలా? విండోస్‌లో మొదటిసారి తెరిచినప్పుడు డాట్‌నెట్ రన్‌టైమ్ అనే తోడు సాఫ్ట్‌వేర్ కావాలని అడగొచ్చు. టెన్షన్ పడక్కర్లేదు, మైక్రోసాఫ్ట్ సైటులో దొరుకుతుంది.

కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు డిస్కుని డ్రైవ్‌లో పెట్టి నేరుగా హ్యాండ్‌బ్రేక్‌తో మార్చడం. నేనూ అదే చేశాను. గంటసేపు డ్రైవ్ గిర్రున తిరిగి, 80 శాతం దగ్గర ఒక గీత తగిలి ఆగిపోతే మళ్ళీ మొదటికే. ఇప్పుడు ముందు డిస్కులో ఉన్న వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తాను. తెరిస్తే లోపల అసలు వీడియో ఉండే వీఓబీ ఫైళ్ళు వరసగా ఉంటాయి, ఒక్కోటి 1 జీబీ దాటదు. ఐఎఫ్‌ఓ అనే చిన్న ఫైళ్ళు కూడా ఉంటాయి. ఏ ముక్క తర్వాత ఏది, ఏ చాప్టర్ ఎక్కడ అన్న లెక్కంతా వాటిలోనే. చాలామంది వీఓబీలు మాత్రం తెచ్చుకుని పేరు చివర ఎంపీజీ అని మార్చేస్తారు. ప్లే అవుతుంది, కానీ పెళ్ళి నాలుగైదు ముక్కలై మంత్రం మధ్యలో తెగుతుంది. ఫోల్డర్ మొత్తం తెచ్చుకుని దాన్నే హ్యాండ్‌బ్రేక్‌కి చూపిస్తే అన్నీ కలిపి చదువుకుంటుంది.

రెండో తప్పు పిన్ని వల్ల తెలిసింది. ఆవిడ కూతురి పెళ్ళి వీడియో మార్చి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. రాత్రి పదింటికి ఫోన్. "అదేంట్రా, భోజనాల దగ్గర ఆగిపోయింది? అప్పగింతలు లేవేంటి?" నేను చూస్తే నిజంగానే లేవు. డిస్కులో రెండు టైటిల్స్, అంటే రెండు విడి వీడియోలు, ఉన్నాయి. పెళ్ళంతా మొదటిదాంట్లో, అప్పగింతలు విడిగా రెండోదాంట్లో. హ్యాండ్‌బ్రేక్ తనంతట తాను అసలు సినిమా ఇదే అనుకున్న టైటిల్‌ని ఎంచి పెడుతుంది. మిగతావి పైన చిన్న జాబితాలో ఉంటాయి, మనమే చూసుకోవాలి. పది సెకన్ల కంటే చిన్న టైటిల్స్‌ని అసలు చూపించదు. సినిమా డిస్కులకి అది మంచిదే. మన స్టూడియో వాళ్ళు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్ళు కోస్తారు. అప్పట్నుంచి ప్రతి డిస్కుకీ అన్ని టైటిల్స్‌నీ క్యూలో వేసి రాత్రి నడిపిస్తాను. మెనూ మాత్రం రాదు. గులాబీలు రాలే ఆ మెనూ బొమ్మ మీద మమకారం ఉంటే పాత ఫోల్డర్‌ని అలాగే దాచుకోండి.

ఇక అసలు విషయం, తలంబ్రాలు. మన పెళ్ళి డీవీడీలు పాల్ అనే పాత టీవీ పద్ధతివి: అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576, సెకనుకి 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో రెండు సగాలు ఉంటాయి, సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు ఆ తర్వాతి క్షణానివి. పాత డబ్బా టీవీలు వాటిని ఒకదాని తర్వాత ఒకటి గీసేవి కాబట్టి ఏమీ తెలిసేది కాదు. లాప్‌టాప్ తెర మీద రెండూ ఒకేసారి పడతాయి. కదలనంతసేపు బాగానే ఉంటుంది. అక్క దోసిలి ఎత్తి బావ తల మీద తలంబ్రాలు పోసే దగ్గర ఆపి చూశాను. చేతి అంచు దువ్వెన పళ్ళలా చీలి ఉంది. గాజులు రెండేసి కనపడుతున్నాయి, బియ్యం గింజలు చిన్న చిన్న గీతలైపోయాయి. ఇది డిస్క్ పాడవడం కాదు. హ్యాండ్‌బ్రేక్‌లో ఫిల్టర్స్ అన్న చోట డీఇంటర్లేస్ వేస్తే పోతుంది. అందులోనే బాబ్ అన్నది ఎంచుకుని, వీడియో పేజీలో ఫ్రేమ్‌రేట్ 50 పెడితే ఆ రెండు సగాలూ రెండు వేర్వేరు ఫ్రేములుగా వస్తాయి. బ్యాండు మేళం ముందు కుర్రాళ్ళ డాన్సు అచ్చం టీవీలో చూసినంత సాఫీగా ఉంటుంది. ఫ్రేమ్‌రేట్ 25 దగ్గరే వదిలేస్తే ఆ సాఫీతనం పోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక నేను మొదటి 20 డిస్కులు మళ్ళీ చేశాను. ఫోల్డర్లు దాచి ఉంచాను కాబట్టి సరిపోయింది.

మిగతా సెట్టింగులకి అంత కథ లేదు. ఫాస్ట్ 576పీ25 అనే రెడీమేడ్ ప్రీసెట్‌తో మొదలుపెట్టండి. క్వాలిటీ అంకె తగ్గేకొద్దీ నాణ్యతా ఫైలు సైజూ పెరుగుతాయి. డీవీడీ స్థాయి వీడియోకి 18 నుంచి 22 మధ్య పెట్టమని హ్యాండ్‌బ్రేక్ వాళ్ళే చెబుతారు, నేను 19 పెడతాను. రెండు గంటల పెళ్ళి 4 జీబీ నుంచి ఒకటిన్నర జీబీకి దిగుతుంది. నా పాత ఐ5 లాప్‌టాప్ మీద అరగంట పని. వీడియోని కుదించే కొత్త పద్ధతి హెచ్.265తో ఇంకా చిన్నదవుతుంది గానీ మా మామయ్య ఇంట్లో టీవీ దాన్ని తీసుకోలేదు. చుట్టాలకిచ్చేదైతే దానికి ముందుది, హెచ్.264 చాలు. నాయిస్, అంటే బొమ్మలోని గరుకు చుక్కలు, తగ్గించే ఫిల్టర్ ఒకసారి గట్టిగా వేసి చూశాను. పెళ్ళికూతురు మైనపు బొమ్మయింది, మామిడి తోరణం ఆకుపచ్చ గుడ్డయింది. ఆ జోలికి మళ్ళీ పోలేదు. హ్యాండ్‌బ్రేక్ ఉన్నదాన్ని పోకుండా కాపాడుతుందే తప్ప, పాత వీడియోని హెచ్‌డీ చేసే మంత్రం ఇందులో లేదు.

మేక్‌ఎంకేవీ అని ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ వాడతాను. అది వీడియోని మళ్ళీ కుదించకుండా ఒక్కో టైటిల్‌ని ఒక్కో ఎంకేవీ ఫైలుగా సర్దిపెడుతుంది. పది నిమిషాల్లో అయిపోతుంది, నాణ్యత డిస్కులో ఉన్నదే. దాచుకోవడానికి అదే మేలు. కానీ సైజు తగ్గదు, దువ్వెన పళ్ళూ పోవు. ఫైలు 4 జీబీ దాటితే ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు, స్థలం ఎంత ఖాళీగా ఉన్నా సరే. కాబట్టి హార్డ్‌డిస్క్‌కి అది, పంచిపెట్టడానికి హ్యాండ్‌బ్రేక్.

గీతలు పడ్డ డిస్కుల దగ్గర హ్యాండ్‌బ్రేక్ ఏమీ చేయలేదు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవండి, గుండ్రంగా వద్దు. ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి. అదీ కాకపోతే మా తమ్ముడి లినక్స్ సిస్టమ్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్. బాగున్న భాగాలన్నీ ముందు లాగేసి, చెడ్డ చోట్లని గుర్తుపెట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఒక డిస్కుని రెండు రాత్రులు నడిపితే స్నాతకంలో మూడు సెకన్లు తప్ప అంతా వచ్చింది. పైన స్టిక్కర్ అంటించిన డిస్కులు మాత్రం నన్ను ఏడిపించాయి. స్టిక్కర్ లేచినా ముడతపడినా డిస్కు సమంగా తిరగదు, డ్రైవ్ సరిగ్గా చదవలేదు.

సినిమా డీవీడీల సంగతి చాలామంది అడుగుతారు. వాటికి కాపీ తాళం ఉంటుంది, హ్యాండ్‌బ్రేక్ దాన్ని తనంతట తీయదు. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ఇలాంటి తాళాలు తీయడం గురించే. నేను ఇంటి వీడియోల వరకే చేస్తాను, వాటికి తాళమూ ఉండదు, గొడవా ఉండదు. ఒక మెలిక మాత్రం ఉంది. మన పెళ్ళి వీడియోల్లో మిక్సింగ్ వాళ్ళు సినిమా పాటలు దంచి ఉంటారు కదా. అక్క పెళ్ళి యూట్యూబ్‌లో ఎవరికీ కనపడకుండా పెట్టినా గంటలో పాటల మీద కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఇప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుతున్నాను, 2 జీబీ దాకా వెళుతుంది. వీడియోగా పంపితే నలిపేస్తుంది.

ఇంకా 11 వీసీడీలు మిగిలాయి, అన్నీ డీఏటీ (DAT) అనే రకం ఫైళ్ళు, బొమ్మ 352 అడ్డం 288 నిలువే. వాటిని ఇంకా ముట్టుకోలేదు. అయిపోయిన డిస్కులు పారేద్దామా అంటే అమ్మ ఒప్పుకోలేదు. ఒక్కోదాన్నీ మళ్ళీ కవర్లో పెట్టి, స్కెచ్ పెన్నుతో "అయింది" అని రాసి, పట్టుచీరల మధ్యకే చేర్చింది.