ఈ-రీడర్ తెలుగు చదివి వినిపిస్తుందా? కొన్నేళ్లు వాడాక చెబుతున్నా

ఈ-రీడర్, అంటే పుస్తకాలు చదువుకునే చిన్న పలకలాంటి యంత్రం, కొనాలనుకునే వాళ్లు నన్ను మొదట అడిగేది గొంతు బావుంటుందా అని. గొంతు సంగతి తర్వాత చెబుతా. ముందు చూసుకోవాల్సింది మీ పుస్తకం ఫైల్లో అసలైన అక్షరాలు ఉన్నాయా, అక్షరాల ఫోటోలు ఉన్నాయా అని. తెలుగులో వింటూ చదవాలనుకునే వాళ్లకి వచ్చే ఇబ్బందుల్లో ముప్పాతిక భాగం ఇక్కడిదే.

నేనుండేది విజయనగరం, ఉద్యోగం ఆమదాలవలసలో, రోజూ రైలే. ఇంట్లో అమ్మకి నీటికాసుల వల్ల చూపు బాగా తగ్గిపోయింది, పేపర్లో పెద్ద హెడ్డింగులు తప్ప ఏమీ చదవలేదు. అందుకని ఒకే రీడర్ ఇద్దరం వాడతాం, పగలు నా సంచిలో, సాయంత్రం నుంచి ఆవిడ మంచం పక్కన.

అమెజాన్ వాళ్ల ఈ-రీడర్ కిండిల్ ఎందుకు కొనలేదంటే దానికో కథ ఉంది. 2009లో వచ్చిన కిండిల్ 2 ఇంగ్లీషు పుస్తకాల్ని పైకి చదివేది. ఆడియో హక్కులు వేరుగా ఉంటాయి కదా, ఇదెలా కుదురుతుందని అమెరికాలో రచయితల సంఘం ఆథర్స్ గిల్డ్ అడ్డు చెప్పింది, దాంతో ఏ పుస్తకానికి ఆ సౌకర్యం ఉంచాలో ఏ పుస్తకానికి ఆపాలో ప్రచురణకర్తల ఇష్టానికే వదిలేశారు. 2012లో వచ్చిన పేపర్‌వైట్‌లోనైతే స్పీకరే లేదు. తర్వాత చూపు లేనివాళ్ల కోసం వాయిస్‌వ్యూ అని పెట్టారు కానీ నేను కొనే నాటికి అది తెలుగు చదివేది కాదు. 2016 డిసెంబర్లో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు కూడా హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. అందుకే ఆండ్రాయిడ్ మీద నడిచే ఈ-ఇంక్ (కాగితంలా కనిపించే తెర) రీడర్ తీసుకున్నాను. అందులో చదివి వినిపించే యాప్ మనకి కావలసింది వేసుకోవచ్చు, ఫోన్లో దొరికే తెలుగు గొంతునే ఇందులోనూ దించుకోవచ్చు. దించుకోవడం తప్పనిసరి, నెట్ ఉంటేనే పలికే గొంతు పెట్టుకుంటే చీపురుపల్లి దాటాక వాక్యం మధ్యలో ఆగిపోతుంది.

ఇప్పుడు గొంతు. తెలుగు మనం రాసినట్టే పలుకుతాం కాబట్టి ఉచ్చారణలో పెద్దగా పేచీ లేదు. తేడా వచ్చేది విరుపులో. వాక్యం పొడుగైతే ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. అమ్మ మొదటిరోజే అంది, "ఏట్రా ఇది, దమ్ము పట్టకుండా చదివేస్తంది" అని. వేగం తగ్గించాక కాస్త నయం, ఆవిడకి మామూలు కంటే ఒక మెట్టు తక్కువ, నాకు రైల్లో రెండు మెట్లు ఎక్కువ. వ్యాసాలూ, ఆత్మకథలూ, మామూలు వచనంలో ఉన్న కథలూ హాయిగా వినొచ్చు. పద్యం మాత్రం వినొద్దు, ఎక్కడా ఆగకుండా సమాసాలన్నీ కలిపేసి చదువుతుంటే నాకు బాధేస్తుంది.

నాటకాలది ఇంకో ఇబ్బంది. విజయనగరం వాళ్లం, కన్యాశుల్కం వినకుండా ఎలా ఉంటాం? మాట్లాడే పాత్ర పేరు, బ్రాకెట్లో ఉన్న రంగసూచన, అసలు డైలాగు, మూడూ ఒకే స్వరంలో వరసపెట్టి వచ్చేస్తాయి. ఎవరు ఎవరితో అంటున్నారో తెలియడానికి ఆ నాటకం ముందే తెలిసుండాలి. అమ్మకి సగం నోటికొచ్చు కాబట్టి ఆవిడ ఆనందంగా విన్నది, తెలియని నాటకమైతే మొదటి రంగంలోనే వదిలేసేది. మన ఉత్తరాంధ్ర యాస ఉన్న కథల్లో కూడా అంతే, అక్షరాలు తప్పు పలకదు, కానీ కోపంగా అన్న మాటా బతిమాలుతూ అన్న మాటా ఒకేలా వినిపిస్తాయి.

ఇక అసలు విషయానికొస్తా. మీ దగ్గరున్న పీడీఎఫ్‌లో ఏదైనా ఒక మాట మీద వేలు నొక్కిపెట్టి, కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు మాట తెలుగుగానే వస్తే ఆ పుస్తకం చదివి వినిపిస్తుంది. పిచ్చి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వస్తే అది అనూ లాంటి పాత ఫాంట్లతో పేజీ కట్టిన పుస్తకం. కంటికి అచ్చమైన తెలుగే, లోపల యూనికోడ్ (ఏ యంత్రమైనా తెలుగుగా గుర్తుపట్టే అక్షరాల కోడ్) లేదు, అందుకని వినిపించేది అర్థంలేని గోల. మన డీటీపీ సెంటర్లు చాలా ఏళ్లు అవే వాడాయి కాబట్టి ఇలాంటి పుస్తకాలు బోలెడు. అసలు మాట ఎంచుకోవడానికే కుదరకపోతే అది స్కాన్, ఫోటో అన్నమాట. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) శ్రీకాకుళంలో 1997లో మొదలుపెట్టిన కథానిలయం వాళ్లు వేల కథలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు, తెలుగు కథకి అంతకంటే పెద్ద సేవ నాకు తెలియదు, కానీ అవన్నీ పేజీల బొమ్మలు, కళ్లున్న వాళ్లకే.

స్కాన్ పేజీల్ని గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి డాక్స్‌లో తెరిస్తే అక్షరాలుగా మారతాయి, చిన్న చిన్న ముక్కలుగా ఎక్కించాలి. పాత అచ్చు అయితే ధ కి థ, ను కి సు, మ కి వు పడుతుంటాయి. కంటితో చదివేటప్పుడు ఇవి మనకి తెలియకుండానే సర్దుకుపోతాయి, చెవికి మాత్రం ప్రతిదీ రాయిలా తగులుతుంది. పేజీ పైనుండే పుస్తకం పేరూ, కింద నంబరూ కూడా తీసెయ్యాలి, లేకపోతే ఏడుపు సీను మధ్యలో "నూట పద్నాలుగు" అంటుంది. దిద్దే ఓపిక లేకపోతే పాత పుస్తకాలు ఉచితంగా ఉండే తెలుగు వికీసోర్స్ సైటు నుంచి ఈపబ్ (ఈ-రీడర్లలో తెరుచుకునే పుస్తకం ఫైల్) దించుకోండి, అక్కడ చాలా పాత పుస్తకాల్ని మనుషులు పేజీ పేజీ చూసి దిద్దారు.

యంత్రం గురించి రెండు ముక్కలు. ఈ-ఇంక్ బ్యాటరీ వారాలు వస్తుందని చెప్పేది కళ్లతో చదివితే. బ్లూటూత్ పెట్టి వింటుంటే దాదాపు ఫోన్ లాగే ఛార్జింగ్ పెట్టుకోవాలి. తెర మీద ప్లే బటన్ చిన్నది, నొక్కాక తెర మారడానికి కాస్త టైం పడుతుంది, ఈలోగా అమ్మ ఇంకోసారి నొక్కేసేది, అది మొదలై ఆగిపోయేది. మెడలో వేసుకునే బ్లూటూత్ కొన్నాక ఆ టెన్షన్ పోయింది. దాని బటన్ వేలికి తెలుస్తుంది, ఒకసారి నొక్కితే చదువుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. స్లీప్ టైమర్ తప్పకుండా పెట్టండి, నిద్రపోయాక అది చదువుకుంటూ పోతే పొద్దున్న ఎక్కడ ఆపామో వెతుక్కోవాలి. మీకు చదవడం అక్కర్లేదు, వినడమే కావాలంటే ఈ-రీడర్ మీద డబ్బు పెట్టకండి, ఇదే యాప్, ఇదే గొంతు మీ ఫోన్లో ఉంటాయి.

అమ్మ ఇప్పుడు తన చిన్నప్పటి వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లు అడుగుతోంది. దొరికినవన్నీ స్కాన్లే. ఆదివారాలు కూర్చుని ఒక్కో భాగం అక్షరాల్లోకి మార్చి, దిద్ది పెడుతున్నాను. వచ్చే వారం భాగం ఇప్పుడే పెట్టమని గొడవ చేస్తోంది.