తుపాను ముందు రోజు ఎక్కడికి పోదాం: మన డాబానా, ఊళ్లో షెల్టరా, బెజవాడలో చుట్టాలిల్లా?

టీవీలో "బంగాళాఖాతంలో అల్పపీడనం" అన్న మాట వినపడగానే మా అమ్మ పొయ్యి కట్టేసి హాల్లోకి వచ్చేస్తుంది. వాయుగుండం అయిందా, తీరం ఎక్కడ దాటుతుందంటున్నారు అని అడుగుతుంది. మాది దివిసీమ. అటు ఇటు కృష్ణమ్మ పాయలు, కింద సముద్రం. ఆ కబురు తర్వాత మా ఇంట్లో మొదలయ్యే వాదన ప్రతిసారీ ఒకటే. "మన డాబా ఉందిగా, ఎక్కడికీ కదలక్కర్లేదు" అంటారు నాన్న. షెల్టరుకి పోదామంటుంది అమ్మ. ఈలోపు బెజవాడ నుంచి చిన్నాన్న ఫోన్ చేసి, "వదినా, అందరూ బస్సెక్కి ఇక్కడికి వచ్చేయండి" అంటాడు. మూడు చోట్లా ఉండి చూశాం కాబట్టి ఏది ఎప్పుడు మేలో కాస్త చెప్పగలను.

ముందు ఒకటి తేల్చుకోవాలి. ఈసారి మన మీదికి వచ్చేది గాలి ఒక్కటేనా, ఉప్పెన కూడానా?

1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. కానీ ప్రాణాలు ఎక్కువ పోయింది మా సీమలో. మొత్తం చనిపోయింది ప్రభుత్వ లెక్కలోనే దాదాపు 10,000 మంది. కారణం ఏమిటంటే, మన తీరంలో తుపాను సుడి అపసవ్య దిశలో తిరుగుతుంది. అది తీరం దాటే చోటుకి కుడివైపు, అంటే మన తీరంలో ఆ చోటుకి ఉత్తరంగా, గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. నీళ్లను ఎత్తుకొచ్చి పోసేది అదే. ఎడమవైపు గాలి నేల నుంచి సముద్రంలోకి పోతుంది. చీరాలకి మేం కుడివైపు ఉన్నాం. అయిదారు మీటర్ల ఎత్తున నీళ్లు వచ్చి సొర్లగొంది లాంటి ఊళ్లను తుడిచిపెట్టేశాయి.

అందుకే గాలి వేగం ఎంతో విని ఊరుకోకూడదు, తీరం ఎక్కడ దాటుతుందో వినాలి. మచిలీపట్నం రేవులో ఎగరేసే హెచ్చరిక నంబరులో కూడా ఈ సంగతి ఉంటుంది. 8, 9, 10 మూడూ తీవ్ర తుపానుకే. 8 అంటే రేవు తుపాను దారికి ఎడమవైపు పడుతుందని, 9 అంటే కుడివైపు పడుతుందని, 10 అంటే తుపాను రేవు మీదుగా గానీ బాగా దగ్గరగా గానీ పోతుందని. చాలామంది నంబరు పెరిగితే ప్రమాదం పెరిగిందనే అనుకుంటారు. మా వైపు వాళ్లకి 9, 10 అంటే ఉప్పెన భయం అని అర్థం చేసుకోవాలి.

ఇక డాబా సంగతి. గాలికి డాబా మంచిదే. రేకుల ఇంట్లో, తాటాకు ఇంట్లో ఉండటం కంటే వంద రెట్లు మేలు. ఊడిన రేకు గాలిలో కత్తిలా వస్తుంది. సొంత ఇంట్లో ఉంటే వంటగది మన చేతిలో ఉంటుంది, ముసలివాళ్లకి మంచం ఉంటుంది, దొంగల టెన్షన్ ఉండదు. కానీ చాలా డాబాలు ఒక్క అంతస్తే. నేల మట్టం రోడ్డు కంటే రెండడుగులు ఎత్తు ఉంటే గొప్ప. ఉప్పెన వస్తే తలుపులు మూసుకున్న గదే బోనవుతుంది. మెట్లు ఇంటి బయట ఉన్నాయనుకోండి, ఆ గాలిలో పసిపిల్లను ఎత్తుకుని మిద్దె ఎక్కడం జరిగే పని కాదు. ఎక్కినా పైన పట్టుకోడానికి పిట్టగోడ తప్ప ఏమీ ఉండదు. కాబట్టి సముద్రానికి దూరంగా, మెరక మీద ఇల్లున్నవాళ్లకి, లేదా లోపలి నుంచి మెట్లుండి పైన గది ఉన్నవాళ్లకి డాబా సరే. ఇంట్లో ఉండిపోయేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. హోరుగాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుపాను పోయిందని బయటికి రాకండి. అది తుపాను కన్ను మన మీదుగా పోవడం కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా తిరగబడుతుంది.

షెల్టరు కట్టిందే నీళ్ల కోసం. కింద స్తంభాలు, మధ్య ఖాళీ, పైన గదులు. ఉప్పెన స్తంభాల మధ్య నుంచి పోతుంది, పైన ఉన్న మనం మిగులుతాం. ప్రాణం సంగతే అయితే మూడింటిలో దీనికే నా ఓటు. మరి జనం ఎందుకు వెళ్లరు? మైకులో ఎంత మొత్తుకున్నా మా వీధిలో సగం మంది కదలరు. వాళ్లని మూర్ఖులనడం నాకు నచ్చదు. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి.

మొదటిది మరుగుదొడ్డి. ఒక రాత్రి వందమంది ఉన్నచోట రెండు దొడ్లు, వాటిలో నీళ్లు రావు. ఆడవాళ్లు ఈ ఒక్క కారణంతో మధ్యాహ్నం నుంచి మంచినీళ్లు తాగడం మానేస్తారు. బాలింతలూ, నెలసరిలో ఉన్న పిల్లలూ పడే అవస్థ ఎవరికి చెప్పుకుంటారు? రెండోది తాళం. ఒకసారి మేం వానలో మూటలు పట్టుకుని షెల్టరు మెట్ల మీద గంటసేపు నిలబడ్డాం. తాళం ఎవరి దగ్గరుందో అక్కడున్న ఒక్కరికీ తెలియదు. అప్పటి నుంచి జూన్‌లోనే అమ్మ వెళ్లి తాళం ఎవరి దగ్గరుంది, మోటారు పనిచేస్తోందా, పైన ట్యాంకు పగిలిందా అని కనుక్కుని వస్తుంది. అడిగేవాళ్లు నలుగురైతే ఆ పనులు జరుగుతాయి కూడా. మా ఊళ్లో దొడ్డి తలుపులకి గడియలు పడింది అలాగే. మూడోది గొడ్లు. దాని గురించి చివర్లో చెప్తాను.

చుట్టాలిల్లు సుఖం. కానీ టైముకి బయల్దేరితేనే. వాతావరణ శాఖ హెచ్చరికలు 72 గంటల ముందు నుంచే మొదలవుతాయి. 48 గంటలున్నప్పుడే బయల్దేరితే బస్సులుంటాయి, పెట్రోలుంటుంది, పులిగడ్డ దగ్గర రోడ్డు బాగుంటుంది. చివరి రోజు సాయంత్రం బండెక్కితే చెట్లు పడుతున్న రోడ్డు మీద ఉంటారు. అది మూడింటి కంటే హీనం. తీరం దాటే చోటు ఆఖరి రోజు దాకా అటూ ఇటూ మారుతుంది గనక, పట్నం పోవాలంటే పోవాల్సిందో కాదో తెలియకముందే పోవాలి. కూలి పోగొట్టుకుని అలా పోగలిగేవాళ్లు తక్కువ.

పైగా పట్నమంటే మెరక అని మనకొక నమ్మకం. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ నమ్మకం పోయింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అప్పుడే ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. ఇక్కడ లంక ఊళ్లు మునిగాయి, అక్కడ చుట్టాలు మిద్దెల మీద పాల ప్యాకెట్ల కోసం ఎదురుచూశారు. కాబట్టి చుట్టాలిల్లు ఏ వీధిలో ఉంది, ఎన్నో అంతస్తు అని కూడా చూసుకోవాలి. డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకి, నెలలు నిండినవాళ్లకి, మంచం మీద ఉన్న పెద్దలకి మాత్రం రెండో ఆలోచన వద్దు. ఆసుపత్రికి దగ్గరగా, రెండు రోజుల ముందే పంపేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు కూలి రోడ్లకి అడ్డంపడ్డాయి, కరెంటు రోజుల తరబడి లేదు. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఆ ప్రాంతంలో అదెంత నరకమో ఆలోచించండి.

ఎక్కడికి పోయినా చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మా దగ్గర తాగేది చెరువు నీళ్లే. ఉప్పునీరు ఒక్కసారి పడితే ఆ చెరువు మళ్లీ ఎప్పటికి పనికొస్తుందో చెప్పలేం. కరెంటు పోతే మోటారూ లేదు. అందుకే మూతలున్న టిన్నులన్నీ ముందే నింపి పెడతాం. పాస్‌బుక్కు, ఆధార్, రేషన్ కార్డు, బీమా కాగితాలు రెండు పాలిథిన్ కవర్లలో ఒకదాని లోపల ఒకటి, ఫోనులో వాటి ఫోటోలు. చింతపండు పులిహోర, అటుకులు, బెల్లం. బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా. ఫోన్లు, పవర్ బ్యాంకు ఫుల్ చార్జింగ్. జిల్లా కంట్రోల్ రూం నంబరు 1077, రాష్ట్రానిది 1070. ఈ రెండూ మా ఇంట్లో తలుపు వెనక సుద్దతో రాసి ఉంటాయి. ఫోన్ చచ్చిపోతే పక్కవాళ్ల ఫోన్లో కొట్టాలి కదా.

మొత్తమ్మీద నా లెక్క ఇదీ. సముద్రానికో కరకట్టకో దగ్గరగా ఒక్క అంతస్తు ఇల్లు ఉంటే, మనం తుపానుకి కుడివైపు పడతామన్న అనుమానం ఏ కాస్త ఉన్నా షెల్టరు. అదీ ముందు రోజు మధ్యాహ్నానికే, వెలుతురు ఉండగానే. అమ్మ మాటే రైటు. నది వరద ఒక్కటే అయితే బ్యారేజీ నీళ్లు మా దాకా రావడానికి గంటల సమయం ఉంటుంది, అప్పుడు మెరక మీద డాబా చాలు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మేం ఎడమవైపు పడ్డాం, ఉప్పెన రాలేదు. అనవసరంగా వెళ్లామని నాన్న ఇప్పటికీ అంటారు. అదే రేపల్లె వైపు దాటి ఉంటే ఆ మాట అనడానికి ఉండేవారా అని అమ్మ అంటుంది.

ఆ మధ్యాహ్నం నాయనమ్మని కదిలించడానికే చాలాసేపు పట్టింది. 1977లో ఆమెను, మా నాన్నను గుడి మిద్దె ఎక్కించి కాపాడారు. పాకలో కట్టేసి ఉన్న గేదెలు కట్టేసినట్టే చచ్చిపోయాయి. "కట్టు విప్పుంటే ఈదేవిరా, గొడ్డు ఈదుద్ది" అంటుంది ఇప్పటికీ. అందుకే మా ఇంట్లో తాళం వేయకముందు గేదెను విప్పి కరకట్ట మీదికి తోలడం ఆమె పని, ఇంకెవర్నీ చేయనివ్వదు. ఆ రాత్రి షెల్టరులో ఎమర్జెన్సీ లైటు ఆరిపోయాక ఫోన్ టార్చి వేసి చూస్తే, నాయనమ్మ గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. గేదె మెడ నుంచి తీసిన పలుపు ఒళ్లో చుట్టి పెట్టుకుంది.