చేతక్ మేలా, స్ప్లెండర్ మేలా? వెనక కూర్చున్నవాళ్లని అడగండి

పాత బండ్ల సంగతి ఎక్కడ ఎత్తినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మీరు ఇన్ని బండ్లు వాడారు కదా, వాటిల్లో ఏది మేలు?" అడిగేవాళ్లలో చాలామంది మనసులో జవాబు ముందే ఉంటుంది. నా ఈడువాళ్లు చేతక్ స్కూటర్ అనాలని చూస్తారు, నలభైల్లో ఉన్నవాళ్లు స్ప్లెండర్ మోటార్ సైకిల్ అనాలని, కుర్రాళ్లు ఆర్‌ఎక్స్ 100 అనాలని. ఈమధ్య మా అక్క కొడుకు ఫోన్ చేసి, "మావయ్యా, పాత చేతక్ ఒకటి బేరానికొచ్చింది. ఆ డబ్బుకి ఇంకాస్త కలిపితే మంచి సెకండ్ హ్యాండ్ స్ప్లెండరే వస్తుంది. ఏది తీసుకోమంటావు?" అన్నాడు. వాడికి ఫోన్లో చెప్పింది సగమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు టీవీఎస్ 50, తర్వాత కొన్నాళ్లు ఆర్‌ఎక్స్ 100, పెళ్లయ్యాక చేతక్, ఆపైన స్ప్లెండర్, ఇప్పుడు యాక్టివా. ఇదీ వరస. అసలు పోటీ చేతక్‌కీ స్ప్లెండర్‌కీ మధ్యే కాబట్టి మిగతావాటిని త్వరగా ముగిస్తాను.

టీవీఎస్ 50 మీద నాకున్నది మొదటి బండి అన్న ప్రేమ. బరువులు మోసే పనికి దాని వారసుడు ఎక్సెల్‌ని మించింది ఇప్పటికీ లేదు, పాలవాళ్లని అడిగినా చేపలవాళ్లని అడిగినా అదే మాట చెప్తారు. ఆర్‌ఎక్స్ 100 గురించి కుర్రాళ్లు చెప్పేదంతా నిజమే. 98 సీసీ ఇంజన్‌కి 11 హార్స్‌పవర్, బండి బరువేమో 103 కిలోలు. యాక్సిలరేటర్ తిప్పగానే ముందుకి దూకే ఆ ఊపు, ఆ సౌండు నాకు మళ్లీ ఏ బండిలోనూ దొరకలేదు. 1996లో తయారీ ఆగిపోయింది కనక ఇవాళ బాగున్న బండికి లక్ష పైనే అడుగుతున్నారు. కానీ అది ఒక్క మనిషి బండి. వెనక ఇంకొకరు ఎక్కితే ఆ ఊపు తగ్గుతుంది, ఎక్కినవాళ్లకి భయం మిగులుతుంది. బుల్లెట్ మా తమ్ముడిది, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు ఉన్న పాత 350. అప్పుడప్పుడు నడిపాను. హైవే మీద బాగుంటుంది, బెజవాడ ట్రాఫిక్‌లో నాకు నచ్చలేదు.

ఇక అసలు సంగతి. చేతక్, స్ప్లెండర్ పోటీని మైలేజీతో తేల్చేవాళ్లతో నాకు పేచీ ఉంది. బండ్ల గురించి మాట్లాడేవాళ్లంతా హ్యాండిల్ పట్టుకున్న మనిషి వైపు నుంచే మాట్లాడతారు. పికప్, గేర్లు, బ్రేకులు, టాప్ స్పీడు, అన్నీ ముందు సీటు సంగతులే. మన ఇళ్లల్లో బండి ఒక్కడు తిరగడానికి కొన్నారా? ఆవిడ, అమ్మ, పిల్లలు, రైతు బజారు సంచులు, గ్యాస్ బండ, ఊరెళ్తే అక్కడ కట్టిచ్చిన బియ్యం బస్తా, ఇవన్నీ ఎక్కాలనే కొన్నారు. అందుకని నేను చూసేది ఒకటే. వెనక కూర్చున్న మనిషికి ఏది నయం?

స్ప్లెండర్‌కి రావాల్సిన మార్కులు ముందే ఇచ్చేస్తాను. 1994లో అది మార్కెట్లోకి వచ్చాక అయిదారేళ్లలో మా వీధి రూపమే మారిపోయింది. ఇంటి ముందు స్కూటర్ ఉన్న ప్రతివాళ్లూ దాన్ని అమ్మి ఇది కొన్నారు. కొనరా మరి? చేతక్ మీద లీటరుకి 40 దాటితే సంతోషించేవాళ్లం, స్ప్లెండర్ 60 పైన ఇచ్చేది. బంకులో ఆయిల్ కలిపించుకునే పని లేదు. వర్షంలో రాత్రంతా తడిసినా పొద్దున ఒకటి రెండు కిక్కులకి స్టార్ట్ అయ్యేది. నాలుగు గేర్లూ కాలి మునివేళ్లతో ముందుకి నొక్కడమే కాబట్టి నేర్చుకోవడానికి వారం చాలు. పైగా అదే 97.2 సీసీ ఇంజన్ ఇన్నేళ్లుగా వస్తోంది కనక, ఏ మండల కేంద్రంలో ఆగినా స్పేర్ పార్టు దొరుకుతుంది, విప్పడం తెలిసిన మెకానిక్ కూడా ఉంటాడు. ఆఫీసుకి వెళ్లి రావడానికి, ఒక్కడే ఊళ్లు తిరగడానికి అంతకంటే మంచి బండి నేను నడపలేదు. ఈ విషయంలో చేతక్ దానికి దరిదాపుల్లోకి కూడా రాదు.

చేతక్ పెట్టే ఇబ్బందులు వాడినవాళ్లకి తెలుసు. టూ స్ట్రోక్ ఇంజన్, అంటే పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలి, లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు. ఆ కొలత కాస్త ఎక్కువైతే ప్లగ్ నల్లగా తడిసి స్పార్క్ రాదు. అప్పుడు బండి పక్కకి తీసి స్టాండ్ వేసి, కుడివైపు డొప్ప విప్పి, ప్లగ్ స్పానర్‌తో ప్లగ్ ఊడదీసి, ఎమరీ పేపర్ ముక్కతో గీకి, గుడ్డతో తుడిచి, నోటితో ఊది మళ్లీ బిగించాలి. అందుకే పక్క డిక్కీలో కొత్త ప్లగ్ ఒకటి కాగితంలో చుట్టి ఎప్పుడూ ఉండేది. గేరు కేబుల్ తెగితే ఏ గేర్లో ఉంటే ఆ గేర్లోనే ఇంటికి రావాలి. పొద్దున్నే బండిని పక్కకి వంచి నిలబెట్టి కిక్ కొట్టడం మగపిల్లలందరికీ వచ్చిన విద్య. ఇంజన్ మొత్తం కుడివైపు ఉండటంతో ఖాళీ బండి ఎప్పుడూ కుడికి లాగుతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కడే తడబడేవాళ్లు.

ఇదే బండిని వెనక నుంచి చూడండి.

మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. చేతక్ ఎక్కాలంటే నేను బండిని అరుగు పక్కకి తెచ్చి ఆపేవాణ్ని. ఆవిడ అరుగు మీద నుంచే, కాలు పెద్దగా ఎత్తకుండా, వెడల్పాటి సీటు మీదకి ఇలా జరిగి కూర్చునేది. కాళ్ల కింద పక్కన బిగించిన ఫుట్‌రెస్ట్, పట్టుకోవడానికి వెనక బిగించిన స్పేర్ చక్రం, అదే స్టెప్నీ. ఒక చెయ్యి స్టెప్నీ మీద, ఇంకోటి నా భుజం మీద. ఇంజన్ బరువు కుడివైపు, పక్కకి తిరిగి కూర్చున్న మనిషి కాళ్లు ఎడమవైపు. ఖాళీగా ఉన్నప్పుడు కుడికి లాగే బండి ఆవిడ కూర్చున్నాక తిన్నగా నడిచేది. స్ప్లెండర్ కొన్నాక ఇదే అమ్మ అదే అరుగు మీద నుంచి ఎక్కడానికి ఇబ్బంది పడింది. సీటు సన్నం, ముందుకి వాలుగా ఉంటుంది, బ్రేకు వేసినప్పుడల్లా జారినట్టుంటుంది. రెండుసార్లు ఎక్కి, "నేను రిక్షాలో వస్తాలే నాన్నా" అంది. అప్పట్నుంచి శివాలయానికి ఆవిడ రిక్షాలోనే వెళ్లింది.

చీర సంగతి ఇంకా ముఖ్యం. చేతక్‌కి చైన్ లేదు. ఇంజన్ నుంచి శక్తి గేర్ల మీదుగా నేరుగా వెనక చక్రానికి వెళ్తుంది. చక్రమేమో రేకు బాడీ లోపల ఉంటుంది, చువ్వలు లేవు. పైట కొంగు ఎగిరినా చిక్కుకోవడానికి అక్కడ ఏమీ లేదు. మోటార్ సైకిల్‌కి చువ్వల చక్రం పక్కనే తిరుగుతూ ఉంటుంది, అందుకే చీర గార్డు. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. చేతి పట్టు, ఫుట్‌రెస్ట్ కూడా ఉండాలని అందులోనే ఉంది. కుర్రాళ్లు బండి అందంగా కనపడాలని ఆ గార్డు విప్పి అటక మీద పడేస్తున్నారు. దయచేసి విప్పకండి. చున్నీ చక్రంలో చుట్టుకుంటే ఆ లాగుడు మెడ మీద పడుతుంది, కేక వినిపించేలోపే అయిపోతుంది.

సామాన్ల దగ్గర అసలు పోలికే లేదు. గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, బండ బరువుతో కలిపితే 30 కిలోల దాకా తూగుతుంది. చేతక్ మీద అది కాళ్ల మధ్య ఫ్లోర్ మీద నిలబడి వచ్చేది, వెనక సీటు మనిషికి ఖాళీగానే ఉండేది. 1999లో రైతు బజార్లు వచ్చాక ఆదివారం పొద్దున పటమట నుంచి వారానికి సరిపడా కూరలు తెచ్చుకునేవాళ్లం. రెండు సంచులు ఫ్లోర్ మీద, ముందు కొక్కేనికి ఒకటి, మా ఆవిడ చేతులు ఖాళీ. స్ప్లెండర్ మీద ఆ మూడు సంచులూ ఆవిడ ఒళ్లోనే. సంచులు పట్టుకుంటే బండిని పట్టుకోవడానికి చెయ్యి ఉండదు. మైలేజీ లెక్కలేసేవాళ్లు ఈ సంగతి ఎప్పుడూ మాట్లాడరు.

పంక్చర్ పడ్డప్పుడు కూడా అంతే. చేతక్‌కి స్టెప్నీ ఉంది, ముందు చక్రానికైనా వెనక చక్రానికైనా అదే సరిపోతుంది. నట్లు విప్పి, చక్రం మార్చి, పది నిమిషాల్లో కదిలేవాళ్లం. స్ప్లెండర్ పంక్చర్ అయితే షాపు దాకా తోసుకుంటూ వెళ్లాలి. తోసేది నేనే అయినా ఎండలో చంటిపిల్లని ఎత్తుకుని వెనక నడిచేది ఆవిడ.

ఒక్కచోట మాత్రం వెనక సీటు కూడా స్ప్లెండర్ వైపే ఓటేస్తుంది. చేతక్ చక్రాలు 10 అంగుళాలవి, స్ప్లెండర్‌వి 18. చిన్న చక్రం గుంతలో పూర్తిగా దిగిపోతుంది, ఆ దెబ్బ వెనకవాళ్ల నడుముకి తగులుతుంది. మా ఊరు వెళ్లే కంకర రోడ్డు మీద చేతక్ ప్రయాణం ఆవిడకి నరకంగా ఉండేది, ఇసుక కనిపిస్తే నాకూ టెన్షనే. పైగా చేతక్ బ్రేకులు నమ్ముకునేవి కావు, ఇద్దరితో దిగుడు మీద వస్తుంటే రెండో గేర్లోనే ఉంచి ఇంజన్‌తో ఆపుకుంటూ రావాల్సిందే. రోజూ పల్లెటూరి రోడ్లలో తిరిగే కుటుంబమైతే నేను కూడా స్ప్లెండరే తీసుకోమంటాను. టౌనులో కాపురమైతే చేతక్ అనే అంటాను.

చిన్నపిల్లల విషయం వేరుగా చెప్పాలి. చేతక్ గురించి తలుచుకునేవాళ్లందరూ ముందు పిల్లాడు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డ దృశ్యమే చెప్తారు. మా పిల్లలూ అలాగే తిరిగారు. ఇవాళ ఎవరూ అలా తిప్పకూడదని గట్టిగా అంటాను. సడన్ బ్రేకు వేస్తే ముందుగా దెబ్బ తగిలేది ఆ పసివాడికే. నాలుగేళ్లు దాటని పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే నడిపేవాళ్లకి కట్టి ఉంచే బెల్టు, పిల్లలకి హెల్మెట్, గంటకి 40 కిలోమీటర్లు మించని వేగం ఉండాలని 2022లో నిబంధన తెచ్చారు, అది 2023 నుంచి అమల్లో ఉంది. ఈ ఒక్క విషయంలో పాత రోజుల్ని వెనకేసుకు రాలేను.

ఇదంతా రాసేముందు మా ఆవిణ్ని అడిగాను, నీకు ఏది నచ్చిందని. చేతక్, స్ప్లెండర్ రెండిట్లో అయితే చేతక్కే అంది, స్టెప్నీ పట్టుకుని ధైర్యంగా కూర్చునేదాన్ని అని. ఆ తర్వాత, "కానీ నాకు నచ్చింది యాక్టివా" అంది. కారణం అడగక్కర్లేదు. చేతక్ బరువూ, చేత్తో తిప్పే గేరూ, ఆ కిక్కూ ఆవిణ్ని ఎప్పుడూ ముందు సీటుకి రానివ్వలేదు. గేర్లు లేకుండా బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే స్కూటర్‌ని 1984లోనే కైనెటిక్ హోండా తెచ్చింది, కానీ మా ఇంటి దాకా ఆ సుఖం యాక్టివాతోనే వచ్చింది. చదునైన ఫ్లోరు చేతక్‌దే, చైన్ బాధ లేదు, నడిపేది ఆవిడే. అమ్మ బతికుంటే మా ఆవిడ వెనక కూర్చుని శివాలయానికి వెళ్లేది. వెనక సీటు మాటే చివరి మాట అన్నవాణ్ని కాబట్టి, వెనక సీట్లోంచి ముందుకొచ్చిన మనిషి మాటని కాదనలేను. కొత్త బండి కొనేవాళ్లకి నా సలహా కూడా అదే, అలాంటి స్కూటరే కొనండి. నాకు ఇష్టమైన బండి మాత్రం చేతక్కే.

మా అక్క కొడుకు పాత చేతక్కే తీసుకుంటానని పట్టుబడుతున్నాడు. తీసుకోరా అన్నాను, కానీ రెండు చూడమన్నాను. మొదటిది ఆర్‌సీ. రిజిస్ట్రేషన్ అయిన 15 ఏళ్లకి రెన్యూ చేయించి, ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకీ చేయిస్తూ వచ్చారో లేదో చూడాలి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాగితం పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిపోల్చాలి. రెండోది తుప్పు. చేతక్‌కి వేరే ఫ్రేమ్ ఉండదు, ఆ రేకు బాడీయే మొత్తం బరువు మోస్తుంది. పైన కొత్త పెయింట్ ఎంత మెరిసినా నమ్మొద్దు. ఫ్లోర్ మీద రబ్బరు మ్యాట్ ఎత్తి, కింద నుంచి టార్చి వేసి, స్క్రూడ్రైవర్ మొనతో రేకుని నొక్కి చూడాలి. మొన లోపలికి దిగితే ఆ బండి వదిలేసి ఇంకోటి వెతుక్కోవాలి. ఇంజన్‌కి బోర్ కొట్టించుకోవచ్చు, రింగులు మార్చుకోవచ్చు, కేబుళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. తిన్న రేకుకి వెల్డింగ్ పెట్టించి దాని మీద మనుషుల్ని ఎక్కించకూడదు.