ఒసోండి ఒవెండి: నలభై ఏళ్లుగా వింటున్న ఒక రికార్డు

ఈ రికార్డును మొదటిసారి డబ్బు పెట్టి కొన్న రోజున నాకు పెద్ద నిరాశే ఎదురైంది. ముల్లు ఆనించాను, చిన్న గరగర, ఆ తర్వాత నాకు కంఠతా వచ్చిన గిటారు మొదలైంది. కానీ పాట మధ్యలో ఒకచోట వినిపించాల్సిన ‘టింగ్, టింగ్’ వినిపించలేదు. మళ్లీ వెనక్కి పెట్టాను. లేదు. పాత రికార్డు కదా, అక్కడ గాడి అరిగిపోయిందేమో అనుకున్నాను. ఆ రాత్రి అమ్మకు ఫోను చేసి అడిగితే ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది: "అది పాటలోది కాదమ్మా. మీ నాన్నగారు టీలో పంచదార కలుపుకుంటున్న చప్పుడు."

నేను మాట్లాడుతున్నది నైజీరియా ఆగ్నేయ ప్రాంతపు ఇగ్బో జాతికి చెందిన గాయకుడు చీఫ్ స్టీఫెన్ ఒసితా ఒసదేబే 1984లో తెచ్చిన ‘ఒసోండి ఒవెండి’ గురించి. మా ఇంట్లో ఉన్నది నాన్న స్వయంగా టేపు చేసిన క్యాసెట్టు. అసలు రికార్డు నా చేతికి అందేసరికి ఆ క్యాసెట్టు వయసు పాతికేళ్లు దాటింది. ఇప్పుడు రెండూ నా దగ్గర ఉన్నాయి, ఫోనులో కూడా వింటాను. ఇన్నేళ్ల వాడకం తర్వాత వీటి గురించి రాయాలనిపించింది.

1970లలో చమురు డబ్బుతో నైజీరియా ఊరూరా పాఠశాలలు తెరుస్తున్న రోజుల్లో మన దేశం నుంచి చాలామంది ఉపాధ్యాయులు అక్కడికి వెళ్లారు. గోదావరి జిల్లాలో లెక్కల మాస్టారైన మా నాన్న 1979లో వెళ్లారు. ఎనుగు నగరానికి దగ్గర్లోని ఒక ఊరు, ప్రభుత్వ మాధ్యమిక పాఠశాల, రేకుల కప్పు వేసిన క్వార్టర్సు. ఎనుగు అంటే ఇగ్బోలో కొండ పైభాగం అని అర్థం. బొగ్గు గనుల ఊరు. డిసెంబరు వచ్చిందంటే ఉత్తరాన ఎడారి నుంచి దుమ్ము గాలి మొదలయ్యేది, దాన్ని హర్మటాన్ అంటారు. పెదవులు పగిలేవి, ఉదయం కప్పుల మీద సన్నటి ధూళి పొర కనిపించేది. నాకు ఆ దుమ్ము వాసన, అరటాకులో చుట్టి ఉడికించిన వేడివేడి ‘ఒక్పా’ వాసన, ఈ పాటలు, మూడూ కలిసే జ్ఞాపకం ఉన్నాయి.

మా పక్క క్వార్టర్సులో భూగోళం చెప్పే ఇగ్బో మాస్టారు ఉండేవారు. ఆ వరుసలో రికార్డు ప్లేయరు ఉన్న ఇల్లు అదొక్కటే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక తలుపులన్నీ తెరిచి పాటలు పెట్టేవారు. ఈ రికార్డు కొత్తగా వచ్చినప్పుడు నాన్న మా టేప్ రికార్డరు పట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. కలపడానికి వైరు లేదు. అందుకని స్పీకరు ముందు పీట వేసి, దాని మీద టేప్ రికార్డరు పెట్టి, పిల్లలందరినీ నోరు మెదపవద్దని కూర్చోబెట్టి బటను నొక్కారు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. దగ్గు వస్తే గౌను అంచు నోట్లో కుక్కుకున్నాను.

పాట సగంలో కరెంటు పోయింది. మా టేప్ రికార్డరు బ్యాటరీల మీద నడుస్తోంది కాబట్టి అదీ రికార్డయింది: ఒసదేబే గొంతు నెమ్మదిగా కిందికి జారి, బావిలోకి దిగినట్టు మందగించి ఆగిపోతుంది. ఆ వెంటనే మా పొరుగు మాస్టారి గొంతు, "తుఫియాక్వా!" అని. శివశివా అనవలసిన చోట ఇగ్బోలు అనే మాట అది. కరెంటు వచ్చాక ఆయన ముల్లును కాస్త వెనక్కి పెట్టారు. అందువల్ల మా క్యాసెట్టులో ఆ చరణం రెండుసార్లు వస్తుంది. నేను ఇప్పటికీ రెండుసార్లే పాడతాను.

ఆ రెండోసారి మొదలైన తర్వాతే టీ చప్పుడు. మాస్టారి భార్య డబ్బా పాలతో టీ చేసి గాజు గ్లాసులో ఇచ్చి ఉంటుంది. నాన్నకు మూడు చెంచాల పంచదార కావాలి. చప్పుడు చేయకూడదని ఆయనకూ తెలుసు, అందుకే మెల్లగా కలిపారు. కానీ పాట పట్టు అలాంటిది, చేయి దానంతటదే తాళంలో పడిపోయింది. ఒగెనె అని ఇగ్బోలకు ఒక వాయిద్యం ఉంది, ఇనుప రేకుతో చేసిన గంట, కర్రతో కొడతారు. తాళం నడకను పట్టి ఉంచేది అదే. నాన్న చెంచా సరిగ్గా ఆ గంట ఖాళీ వదిలిన చోట మోగుతుంది. పదకొండుసార్లు. చివరిది కాస్త గట్టిగా, గ్లాసు అంచు మీద చెంచాను దులిపినట్టు. నాన్న పోయి పన్నెండేళ్లయింది. ఆయన గొంతు మా దగ్గర మరెక్కడా రికార్డయి లేదు, ఈ క్యాసెట్టులో కూడా లేదు. ఉన్నది ఆ పదకొండు చప్పుళ్లే.

ఇక పాట సంగతి. తొందరలో వినే పాట కాదిది. ఒక గిటారు నాలుగైదు స్వరాల చిన్న పల్లవిని పట్టుకుని వదలకుండా తిప్పుతూ ఉంటుంది. రెండో గిటారు దానికి బదులు చెబుతుంది. కింద కాంగా డ్రమ్ములు, ఒగెనె. ఒసదేబే పాడతాడనడం కంటే అరుగు మీద కూర్చుని మాట్లాడతాడనడం సరైనది. ఒక మాట అని ఆగుతాడు, వెనకున్నవాళ్లు అందుకుంటారు, మళ్లీ ఆయన. మధ్యలో బాకాలు వచ్చి ఊరంతా పండగ చేసి వెళ్లిపోతాయి. మొదటి మూడు నిమిషాల్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. పదో నిమిషానికి మనం ఊపిరి తీసే వేగం మారి ఉంటుంది. అందుకే ఈ పాటను ముక్కలుగా వినిపించే ప్రతి సంకలనం మీదా నాకు కోపం. దీని నిడివే దీని ప్రాణం.

శీర్షికకు అర్థం ఏమిటని నాన్న అడిగినప్పుడు పొరుగు మాస్టారు ఇంగ్లీషులో చెప్పారు: ఒకరికి నచ్చుతుంది, ఇంకొకరికి కోపం తెప్పిస్తుంది అని. నాన్న వెంటనే "లోకో భిన్నరుచిః" అని, దాన్ని ఆయనకు రెండుసార్లు పలికించి నేర్పారు. ఆ తర్వాత వాళ్లిద్దరూ పాఠశాల సమావేశాల్లో ఎదురుపడితే ఒకరు ‘ఒసోండి’ అనేవారు, మరొకరు ‘ఒవెండి’ అనేవారు.

ఒసదేబే 1936లో నైజర్ నది ఒడ్డున అతానిలో పుట్టాడు. 1950ల చివర్లో పాడడం మొదలుపెట్టాడు, 2007లో అమెరికాలో కన్నుమూశాడు. ఆయన పాడిన ఈ తరహా సంగీతాన్ని హైలైఫ్ అంటారు. అది అసలు పుట్టింది ఘనాలో. 1950లలో అక్కడి ఇ. టి. మెన్సా బృందం నైజీరియాకు వచ్చి వాయించాక నైజీరియావాళ్లు దాన్ని అందుకున్నారు. ఇగ్బో నేల మీదికి వచ్చేసరికి బాకాల సందడి తగ్గి గిటారు ముందుకొచ్చింది, ఒగెనె వచ్చింది, ఉదు వచ్చింది. ఉదు అంటే మట్టి కుండ. మన ఘటం లాంటిదే కానీ పక్కన ఇంకొక రంధ్రం ఉంటుంది, అరచేత్తో మూసి తెరిస్తే లోపలి నుంచి గుబుక్కుమని బరువైన నాదం వస్తుంది. అమ్మ మొదటిసారి చూసి "కుండకు చిల్లు పడిందా?" అని జాలిపడింది.

ఈ పాటల్లో అంత నిదానం ఎక్కడి నుంచి వచ్చిందో చిన్నప్పుడు తెలియలేదు. మా పొరుగు మాస్టారు యుద్ధం గురించి మాట్లాడేవారు కాదు. ఇగ్బోలు ఎక్కువగా ఉన్న తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో వేరే దేశంగా ప్రకటించుకున్నాక 1967 జూలైలో మొదలై 1970 జనవరి 15న ముగిసిన బయాఫ్రా యుద్ధం అది. ఆకలితోనే లక్షలాది మంది పోయారు. యుద్ధం ముగిశాక ఇగ్బోలకు, బ్యాంకులో ఎంత దాచుకున్నా సరే, చేతికి ఇచ్చింది 20 పౌండ్లు. ఈ ఒక్క సంగతి మాత్రం ఆయన నాన్నకు చెప్పారని అమ్మ అంటుంది. అన్నీ పోయి సొంత ఊళ్లకు తిరిగివచ్చిన మనుషుల మధ్య 1970లలో ఈ గిటారు బృందాలు పుట్టుకొచ్చాయి. అది తెలిశాక విన్నప్పుడు, అదృష్టం గురించి, పగ గురించి, ఎవరి బతుకు వారిని బతకనివ్వడం గురించి ఈ పాటలు ఇన్నిసార్లు ఎందుకు మాట్లాడతాయో నాకు అర్థమైంది.

అమ్మకు ఒసదేబే కంటే నికో ఎంబార్గా అనే గాయకుడు ఇష్టం. ‘స్వీట్ మదర్’ 1976 నాటి పాట, ఒనిచాలోని రోజర్స్ ఆల్ స్టార్స్ వాళ్లు విడుదల చేశారు. 2004లో బీబీసీ శ్రోతలు ఆఫ్రికాకు అత్యంత ఇష్టమైన పాటగా దీన్నే ఎన్నుకున్నారు. ఇగ్బోలో కాక పిజిన్‌లో, అంటే అక్కడివాళ్లు మాట్లాడే కలగలుపు ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి అమ్మకు ప్రతి మాటా అర్థమయ్యేది. బిడ్డ నిద్రపోకపోతే తల్లీ నిద్రపోదన్న చోట ప్రతిసారీ కళ్లు తుడుచుకునేది. అప్పటికి ఆమె తన తల్లిని చూసి నాలుగేళ్లు. ఇగ్బోలో తల్లిని ‘న్నె’ అని, తండ్రిని ‘న్నా’ అని అంటారని తెలిసిన రోజు అమ్మ ఒగ్బెతె బజారు నుంచి ఇంటికి వచ్చేదాకా అదే మాట చెప్పింది: "వీళ్లూ నాన్ననే అంటారే!" తోబుట్టువును ‘న్వన్నె’ అంటారు, తల్లి బిడ్డ అని. ఆ మాటలు రెండు మూడు తెలిసినా చాలు, పాటల్లో సగం తలుపులు తెరుచుకుంటాయి.

మీరు ఈ సంగీతాన్ని కొత్తగా వినబోతుంటే గాయకుడు సెలెస్టీన్ ఉక్వుతో మొదలుపెట్టమని చెబుతాను. ఎనుగు దగ్గర అబోర్‌లో 1940లో పుట్టి, 1977లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ముప్పై ఏడేళ్లయినా నిండీ నిండని వయసు. తన బృందానికి ఫిలాసఫర్స్ అని పేరు పెట్టుకున్నాడు, ఆ పేరుకు తగ్గట్టే పాడాడు. ‘ఇజె ఎను’ అంటే లోకయాత్ర. దిగులుగా ఉన్న సాయంత్రం అది వింటే పెద్దవాళ్లెవరో పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. తర్వాత ఓరియంటల్ బ్రదర్స్ బృందం. వాళ్లలో సర్ వారియర్ గొంతు పైస్థాయిలో ఏడుపుకూ పాటకూ మధ్య సన్నటి గీత మీద నడుస్తుంది. ఇగ్బోలో పలికే స్థాయిని బట్టి మాట అర్థమే మారిపోతుంది. ‘అక్వా’ అనే ఒక్క మాటే ఏడుపు, బట్ట, గుడ్డు, మంచం, ఏదైనా కావచ్చు. బాణీ మాటను మోయాలి, లేకపోతే అర్థం చెడుతుంది. భాష రాని మనకు కూడా ఆ పాటలు ఎవరో మనతో మాట్లాడుతున్నట్టు అనిపించడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

నచ్చనివి కూడా చెప్పాలి. 1970ల చివరి నుంచి డబ్బున్న పెద్దమనుషుల పేర్లు, వాళ్ల క్లబ్బుల పేర్లు పాటల్లో పెరిగిపోయాయి. ఆలివర్ డి కోక్ గిటారు వేళ్లకు నేను దండం పెడతాను, కానీ వరసగా పొగడ్తల జాబితా వస్తున్నప్పుడు మనసు పక్కకు పోతుంది. ఆ పేర్లున్న మనుషులు తెలిసినవాళ్లకు అది పండగే అయి ఉంటుంది, పొరుగు మాస్టారు ఒక్కో పేరుకూ తల ఊపేవారు. రెండోది, ఆడగొంతులు దాదాపు లేవు. నెల్లీ ఉచెందు పాట వచ్చినప్పుడల్లా ఇలాంటివి ఇంకా ఎందుకు లేవని బాధ కలుగుతుంది.

దొరికే రూపాల విషయానికి వస్తే, పాత నైజీరియా ముద్రణ రికార్డు దొరికితే గీతలున్నా తీసుకోండి. బాకాల వెనకున్న గాలి కూడా వినిపిస్తుంది. నా రికార్డు అట్ట మూలలు చెదలు తిన్నాయి, అయినా ధ్వని నిండుగా ఉంది. ఫోనులో దొరికే ప్రతుల్లో చాలావాటిని నమ్మలేం. కొన్నింటిలో పాట వేగం పెరిగి శ్రుతి అర మెట్టు పైకి పోయింది, ఒసదేబే నిదానం కాస్తా హడావిడిగా మారింది. కొన్నిచోట్ల ఒకరి పాటకు మరొకరి పేరు పెట్టారు. గరగర పోగొట్టే ప్రయత్నంలో ఒగెనె మోత మొద్దుబారిన ప్రతులూ ఉన్నాయి. గరగర ఉన్న ప్రతినే ఎంచుకోండి.

మా క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఇచ్చినప్పుడు అక్కడి కుర్రవాడు ఎంతో శ్రద్ధగా పనిచేసి, "మధ్యలో ఏదో గ్లాసు చప్పుడుందండీ, తీసేశాను" అన్నాడు. నా ముఖం చూసి, నేను ఏమీ చెప్పకముందే, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాడు. రెండోసారి డబ్బు తీసుకోలేదు.

1986లో నైజీరియా కరెన్సీ నైరా విలువ పడిపోయింది. ఇంటికి పంపే జీతం చూస్తుండగానే కరిగిపోయింది, మాలాంటి కుటుంబాలు ఒక్కొక్కటిగా సర్దుకున్నాయి. మేము 1987లో బయల్దేరాం. బరువు ఎక్కువవుతుందని నాన్న తన లెక్కల పుస్తకాలు పాఠశాలకు ఇచ్చేసి, క్యాసెట్లు మాత్రం చీరల మధ్య పెట్టించారు. పొరుగు మాస్టారు రికార్డునే ఇవ్వబోతే నాన్న తీసుకోలేదు. "మీ ఇంట్లో మోగుతూ ఉండాలి" అన్నారట.

క్యాసెట్టు లోపలి స్పాంజి ముక్క ఊడిపోయింది, టేపును కొత్త డబ్బీలోకి మార్చాను. ఇప్పుడు దాన్ని ఏడాదికి ఒక్కసారే నడుపుతాను, మిగతా రోజుల్లో రికార్డు వింటాను. పోయిన సంక్రాంతికి కాకినాడలో అమ్మ దగ్గర క్యాసెట్టు పెట్టాను. ఆమె వంటగదిలో అరిసెలు వత్తుతోంది. కరెంటు పోయిన చోటు వచ్చింది, మాస్టారు "తుఫియాక్వా!" అన్నారు, పాట మళ్లీ మొదలైంది. వంటగదిలో పీట చప్పుడు ఆగింది. పదకొండూ అయ్యేదాకా ఆమె అటునుంచి కదలలేదు. తర్వాత మళ్లీ అరిసెలు వత్తడం వినిపించింది.