మిలాన్‌లో నిమ్మచెక్క, బొలోన్యాలో మూతపెట్టిన పెనం

న్యూజెర్సీలో ఉండే మాకు ఇటాలియన్ భోజనమంటే చికెన్ పార్మే. పొడి అద్ది వేయించిన చికెన్, పైన టమాటా సాస్, కరిగిన మొజరెల్లా. పోయిన అక్టోబరులో ఇటలీలో 9 రోజులు తిరిగాం, ఏ మెనూలోనూ అది కనబడలేదు. అమెరికాకు వలస వచ్చిన ఇటలీవాళ్లు ఇక్కడ తయారుచేసుకున్న వంటకమట అది. వాళ్ల దేశంలో పార్మిజానా అంటే వంకాయ!

మిలాన్‌లో సెంట్రల్ స్టేషన్ పక్కనే గది తీసుకున్నాం. రైలెక్కడానికి సుఖమే, నిద్రకే కష్టం. తెల్లవారకముందే కిటికీ కింద సూట్‌కేసుల చక్రాల మోత. అక్కడి కోతొలెత్తా అనే కట్లెట్‌ను అసలు దూడ మాంసంతో, ఎముక ఉంచి, వెన్నలో వేయిస్తారు. మేం దూడ మాంసం తినం. "పొల్లో" అని అడిగితే వెయిటర్ కాస్త మొహం ముడిచినా చికెన్‌తో చేయించి తెచ్చాడు. పళ్లెం అంచులు దాటిన కట్లెట్, ఒక నిమ్మచెక్క, అంతే. "సాస్ ఏదండీ?" అంది మా ఆవిడ. ఆయన వేలితో నిమ్మచెక్కను చూపించాడు. కత్తి పెడితే కరకర శబ్దం వచ్చింది. సాంబార్లో పడేసిన అప్పడం గుర్తొచ్చి, నేనిన్నాళ్లూ న్యూజెర్సీలో తింటున్నదేమిటో అర్థమైంది.

బొలోన్యాలో ఆ జ్ఞానోదయం కాస్తా తిరగబడింది. అక్కడ వేయించిన కట్లెట్ మీద ప్రొషూట్టో, అంటే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడమాంసం పరిచి, పార్మిజానో జున్ను తురిమి, కాస్త మాంసం రసం పోసి మూతపెట్టి మగ్గిస్తారు. పొర మెత్తబడుతుంది, అయినా అద్భుతం! ఒకటి తెప్పించుకుంటే ఇద్దరికి చాలు. బస కూడా ఇక్కడే బాగుంది. పాత ఊళ్లో దిగండి. వీధుల పక్కన పైకప్పున్న నడవాలే, రెండు రోజులు వాన పడినా మేం గొడుగు తియ్యలేదు.

రోమ్‌లో మేం తిన్నది స్కలొప్పీనె అల్ లిమోనె. వంటగది కిటికీలోంచి చూశాను. పల్చగా కొట్టిన చికెన్ ముక్కకు బ్రెడ్ పొడి లేదు, ఉత్త మైదా. వెన్నలో రెండు వైపులా కాల్చి తీశాక, అదే పెనంలో నిమ్మరసం పోసి చెక్క గరిటెతో అడుగు గీకాడు. ఆ మైదాయే సాస్‌ను చిక్కబరిచింది. నిమ్మరసం బదులు మార్సాలా అనే సిసిలీ వైన్ పోస్తే, ఆ వంటకం పేరూ మార్సాలాయే. సేజ్ ఆకు, ప్రొషూట్టో పుల్లతో గుచ్చి చేసే సాల్తింబొక్కా దూడ మాంసమే కాబట్టి, పక్క టేబుల్ వాళ్లది చూసి సరిపెట్టుకున్నాం.

పిల్లలున్నవాళ్లకో మాట: మేం వెళ్లిన చోట్ల రాత్రి ఏడున్నర దాకా వంట మొదలవ్వలేదు. మనిషికింత అని కోపెర్తో, అంటే టేబుల్ రుసుము, బిల్లులో వేస్తారు, అది మామూలే. కానీ రోమ్‌లో ఒక టూరిస్టు చౌరస్తా హోటల్లో మేం ముట్టని బ్రెడ్‌కి కూడా డబ్బు వేశారు. అడిగితే తీసేశారు.