టీనేజ్ పిల్లల సర్వైవల్ కిట్ రివ్యూ: విజిల్, ఫాయిల్ బ్యాగ్ సూపర్, బుక్‌లెట్ మాత్రం మార్చాల్సిందే

ట్రెక్కింగ్‌కో క్యాంపింగ్‌కో వెళ్ళే పిల్లల కోసం, 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి అని డబ్బా మీద రాసి మరీ అమ్ముతున్న కిట్ ఇది. నడుముకి కట్టుకునే చిన్న పౌచ్, లోపల విజిల్, అద్దం, ఫాయిల్ బ్యాగ్ (చలికి లోపల దూరి కూర్చునే పల్చటి మెరుపు సంచి), చిన్న టార్చ్, నీళ్ళు శుభ్రం చేసే టాబ్లెట్లు, దిక్సూచి, నిప్పు రాజేసే రాడ్, వైరు రంపం, చేపల గాలాలు, కాసిని బ్యాండేజీలు, గ్లూకోజ్ బిళ్ళలు, ఒక బుక్‌లెట్, ఒక కార్డు. ఇలాంటివి రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి, లోపల సరుకు దాదాపు ఒకటే, అందుకే బ్రాండ్ సంగతి వదిలేసి లోపల సామాను గురించే రాస్తున్నా, మీ దగ్గర వేరే కిట్ ఉన్నా పనికొస్తుంది.

ఇలాంటి కిట్ల మీద ఇప్పటికే బోలెడు రివ్యూలు ఉన్నాయి, కానీ చాలావరకు పెద్దవాళ్ళు టేబుల్ మీద అన్నీ పరిచి, వెలుతురులో, తీరిగ్గా చూసి మార్కులు వేసినవే. దీన్ని నిజంగా వాడాల్సింది ఎవరు? గ్రూపు నుంచి విడిపోయి, వానలో తడిసి, చలికి వేళ్ళు కొంకర్లు పోయి, చీకట్లో ఏడుపు ఆపుకుంటూ కూర్చున్న 14 ఏళ్ళ పిల్లో పిల్లాడో. ఆ చేతులతో ఆ భయంలో పనిచేసిందా లేదా, నా లెక్కలో అదొక్కటే పరీక్ష.

అందుకే మా అమ్మాయి చేత, మా అక్క కొడుకు చేత చేయించా, ఇద్దరూ ఈ వయసు వాళ్ళే, ఇద్దరికీ ట్రెక్‌లంటే పిచ్చి. రాత్రి లైట్లన్నీ ఆపేసి, చేతులు ఐసు నీళ్ళలో కాసేపు పెట్టించి, ఇప్పుడు పౌచ్ తీసి ఫాయిల్ బ్యాగ్‌లోకి దూరండి అన్నా. జిప్ దగ్గరే ఆగిపోయారు, జిప్ లాగే పిడి చిటికెన వేలి గోరంత ఉంది, మొద్దుబారిన వేళ్ళకి అందట్లేదు. ఎలాగో తీసాక ఫాయిల్ బ్యాగ్ మీద గట్టి ప్లాస్టిక్ సీలు, దాన్ని చింపడానికి చిన్న గాటు కూడా పెట్టలేదు. "పిన్నీ ఇది రావట్లేదు, పళ్ళతో లాగనా?" అని మా వాడు చీకట్లోంచి అడుగుతున్నాడు, పళ్ళతోనే చింపాడు, ఆ ఊపుకి లోపలి ఫాయిల్ కూడా అంచు దగ్గర చిరిగింది. ఈ ఫాయిల్‌తో వచ్చిన చిక్కు ఇదే, ఎక్కడా గాటు పడనంతసేపు గట్టిగానే ఉంటుంది, ఒక్కసారి చిన్న చిరుగు పడిందా సర్రున పైదాకా పోతుంది. తయారు చేసేవాళ్ళు ఆ సీలుకి ఒక గాటు, జిప్‌కి ఒక తాడు ముక్క పెడితే పోయేదానికి ఇంత అవస్థ. మీరు కొంటే మాత్రం ఇంటికి రాగానే ఆ సీలు తీసేసి, బ్యాగ్‌ని మామూలు జిప్ కవర్లో పెట్టుకోండి, పౌచ్ జిప్‌కి లావుపాటి తాడు కట్టండి.

సీలు పక్కన పెడితే ఈ ఫాయిల్ బ్యాగే కిట్టులో ప్రాణం కాపాడే వస్తువు, దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తా. పల్చటి ప్లాస్టిక్ మీద అల్యూమినియం పూత, 1960ల్లో నాసా వాళ్ళ పని నుంచి వచ్చిన సరుకు, ఒంట్లోంచి రేడియేషన్‌గా పోయే వేడిని చాలావరకు వెనక్కి తిప్పి కొడుతుంది, గాలిని వానని ఆపుతుంది. చాలా కిట్లలో దుప్పటిలా షీటు ఇస్తారు, ఇందులో సంచిలాగా కుట్టి ఇచ్చారు, ఇది నిజంగా మంచి నిర్ణయం, ఎందుకంటే షీటు గాలికి ఎగిరిపోతూ ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికే చేతులు బయట పెట్టాలి. రంగు కూడా బయటివైపు ముదురు ఆరెంజ్, పైనుంచి వెతికేవాళ్ళకి కనబడుతుంది. బుక్‌లెట్‌లో రాయని విషయం ఏంటంటే, కింద నేల లాగేసే వేడిని ఈ ఫాయిల్ ఆపలేదు. కింద ఎండుటాకులో, కొమ్మలో, ఖాళీ చేసిన బ్యాక్‌ప్యాకో వేసుకుని దాని మీద కూర్చోవాలి, ఉత్త నేల మీద ఫాయిల్‌లో పడుకుంటే తెల్లారేసరికి గడ్డకట్టుకుపోతారు.

చలి అనగానే మంచు కొండలే అనుకుంటారు చాలామంది, అది తప్పు. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే హైపోథెర్మియా, దానికి మంచే పడక్కర్లేదు, బయట 10 డిగ్రీలు ఉండి బట్టలు తడిసి గాలి కొడితే చాలు, ఎందుకంటే నీళ్ళు గాలికంటే 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. బుక్‌లెట్ మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీ దీని గురించే. ఫ్రెండ్ మాట ముద్దముద్దగా వస్తుందా, చేతిలో వస్తువులు జారిపోతున్నాయా, కాళ్ళు తడబడుతున్నాయా, ఊరికే చిరాకు పడుతున్నాడా, ఇవే గుర్తులు అని బొమ్మలేసి చూపించారు, వణుకు ఆగిపోతే తగ్గిందని కాదు, ముదిరింది అని పెద్ద అక్షరాలతో రాసారు. పిల్లలు ముఖ్యంగా ఈ వయసులో నాకేం కాలేదు అని బుకాయిస్తారు కదా, పక్కనోడి ముందు తగ్గరు, కాబట్టి ఒకళ్ళని ఒకళ్ళు గమనించుకోమని రాయడం చాలా అవసరం. ఈ పేజీ రాసినవాళ్ళకి దండం పెట్టాలి.

విజిల్ కూడా చాలా బావుంది. లోపల గుండు లేని ప్లాస్టిక్ విజిల్, గుండు ఉన్నవి తడిస్తే ఇరుక్కుపోతాయి, లోహంవి చలిలో పెదాలకి అంటుకుంటాయి, ఇది ఆ రెండూ కాదు. పౌచ్ బెల్టుకే బయట కట్టి ఉంది, జిప్ గొడవ లేదు, చీకట్లో కూడా వెంటనే దొరికింది ఇద్దరికీ. అరిస్తే కాసేపటికే గొంతు పోతుంది, విజిల్ గంటలు గంటలు ఊదొచ్చు, పైగా మనిషి గొంతు కంటే దూరం పోతుంది. మూడుసార్లు గట్టిగా ఊది ఆగడం చాలా చోట్ల ఆపదకి గుర్తు, బ్రిటన్‌లో ఆల్ప్స్‌లో అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగాలి, మళ్ళీ మొదలు. అటునుంచి జవాబు వచ్చినా ఊదడం ఆపొద్దని పిల్లలకి చెప్పండి, మనుషులు దగ్గరికి వచ్చేదాకా ఊదుతూనే ఉండాలి, వాళ్ళు ఆ శబ్దం పట్టుకునే వస్తారు.

టార్చ్ పర్లేదు, కానీ చేత్తో పట్టుకునేది, దీని బదులు తలకి కట్టుకునేది ఇచ్చుంటే రెండు చేతులూ ఖాళీగా ఉండేవి. అద్దం మధ్యలో గురి చూసే రంధ్రం ఉంది, ఎండ ఉంటే చాలా దూరానికి మెరుపు కనబడుతుంది, ప్రాక్టీస్ చేస్తే పిల్లలకి సరదాగా కూడా ఉంటుంది.

నీళ్ళ టాబ్లెట్లు క్లోరిన్ డయాక్సైడ్‌వి, సరుకు మంచిదే. వేసాక బ్యాక్టీరియా, వైరస్‌లకి అరగంట ఆగాలి, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి చావాలంటే 4 గంటలు ఆగాలి. ఇది రేపర్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసారు, టార్చ్ వేసి చూసినా మా అమ్మాయి చదవలేకపోయింది. ఇంకొకటి, పిల్లలకి ఇది స్పష్టంగా చెప్పాలి: టాబ్లెట్లు అయిపోయి, దాహంతో కళ్ళు తిరుగుతుంటే, దొరికిన వాటిలో శుభ్రంగా కనబడే నీళ్ళు తాగేయడమే మేలు, విరేచనాలకి తర్వాత మందు ఇవ్వొచ్చు, ముందు బతికి బయటపడాలి.

ఇక వైరు రంపం, గాలాలు, ఇవి పూర్తిగా దండగ. రంపం పచ్చి కొమ్మ మీద కాసేపు లాగేసరికి తెగిపోయింది. గాలాలు ఎందుకు పెడతారో నాకు ఎప్పటికీ అర్థం కాదు, వాన చలిలో తలదాచుకునే చోటు లేకపోతే 3 గంటలు, నీళ్ళు లేకపోతే 3 రోజులు, తిండి లేకపోతే 3 వారాలు బతకొచ్చు అని సర్వైవల్ నేర్పేవాళ్ళందరూ చెప్పే మోటు లెక్క ఒకటి ఉంది, ఆ లెక్కన తిండి ఆఖరున వస్తుంది. చేపలు పడదామని ఏటి ఒడ్డున రాళ్ళ మీద తిరిగి జారి పడితే, కాలు విరిగితే? ఆ చోటులో ఇంకో ఫాయిల్ బ్యాగ్ పెట్టాల్సింది. నిప్పు రాడ్ కూడా ఇంతే, నేర్పు ఉన్నవాళ్ళకే కష్టం, తడిసిన పుల్లలతో భయపడ్డ పిల్లలకి అస్సలు అవ్వదు, ఎండాకాలం అడవిలో అయితే అవ్వకపోవడమే మంచిది.

దిక్సూచి, బుక్‌లెట్ కలిపి చెప్పాలి, నాకు కోపం వచ్చింది ఇక్కడే. బొత్తాం సైజు దిక్సూచి ఇచ్చి, బుక్‌లెట్‌లో "వాగు కనబడితే దాని వెంట కిందికి నడవండి, మనుషులు దొరుకుతారు" అని రాసారు. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. 1971 డిసెంబర్ 24న పెరూలో విమానం గాల్లోనే విరిగిపోతే సుమారు 3 కిలోమీటర్ల ఎత్తు నుంచి సీటుతో సహా అమెజాన్ అడవిలో పడి, నీళ్ళ వెంట నడిచి 11 రోజులకి మనుషుల్ని చేరిన జూలియానే కోప్కే కథ అందరూ చెప్పుకుంటారు, అప్పుడు ఆమెకి 17 ఏళ్ళు. కానీ ఆమె తల్లిదండ్రులు జంతుశాస్త్రవేత్తలు, ఆ అడవిలోని వాళ్ళ పరిశోధన కేంద్రంలోనే ఆమె కొంతకాలం పెరిగింది, నీళ్ళ వెంట వెళ్ళమని నాన్న నేర్పాడు. ఆ అడవి ఆమెకి తెలుసు. కొండల్లో దారి తప్పిన పిల్లలు వాగు పట్టుకుని దిగితే లోయ ఇరుకైపోతుంది, రాళ్ళు నాచు, చివరికి జలపాతం, వెనక్కి ఎక్కలేరు, నీళ్ళ హోరులో విజిల్ కూడా వినబడదు. దారి తప్పామని అర్థమవగానే ఆగిపోవాలి, కూర్చోవాలి, ఉన్నచోటే ఉండాలి. కదిలేకొద్దీ వెతికేవాళ్ళ పని పెరుగుతుంది, ఆల్రెడీ వెతికేసిన చోటుకి మీరు వెళ్ళి కూర్చుంటే ఇక అంతే. అందరూ ఒక్కచోటే ఉండాలి, నేను వెళ్ళి సాయం తెస్తా అని హీరోలా ఒక్కడే బయల్దేరకూడదు. వాగు పొంగి నీళ్ళు మీదకొస్తున్నప్పుడో, పిడుగులు పడేచోట ఉన్నప్పుడో మాత్రం పక్కకి కదలొచ్చు, అదీ దగ్గర్లోకే. ఇవి ఆ బుక్‌లెట్‌లో మొదటి పేజీలో ఉండాలి, ఒక్క ముక్క కూడా లేదు.

ఇప్పుడు ఆ కార్డు. చూడ్డానికి ఏమీ లేదు, చిన్న అట్ట ముక్క, ఎక్కడికి వెళ్తున్నాం, ఏ దారిలో, ఎవరెవరం, ఏ టైముకి తిరిగొస్తాం, రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అని గళ్ళు. నింపి ఇంట్లో ఇచ్చి వెళ్ళాలి. చాలామంది దీన్ని తీసి పారేస్తారు, నాకైతే మొత్తం కిట్టులో ఇదే గొప్పగా అనిపించింది. 2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లో ఫుట్‌బాల్ ప్రాక్టీస్ అయ్యాక 11 నుంచి 16 ఏళ్ళ పిల్లలు 12 మంది, వాళ్ళ కోచ్ థామ్ లువాంగ్ గుహలోకి వెళ్ళి వరదకి లోపల చిక్కుకుపోయారు కదా, వాళ్ళు ఎక్కడున్నారో ఆ రాత్రే ఎలా తెలిసింది? వాళ్ళతో వెళ్ళని టీమ్ పిల్లాడొకడు గుహకి వెళ్ళారని చెప్పాడు, గుహ ముందు సైకిళ్ళు కనబడ్డాయి. ఆ సమాచారం లేకపోతే ఆ వానల్లో ఎక్కడని వెతుకుతారు? జూలై 2న డైవర్లు వాళ్ళని చూసేదాకా పిల్లలు బురద నీళ్ళు తాగకుండా రాళ్ళ మీంచి కారే నీళ్ళు తాగుతూ, కోచ్ చెప్పినట్టు ధ్యానం చేస్తూ శక్తి వృథా కాకుండా ఉన్నారు. జూలై 10కల్లా అందరూ బయటికి వచ్చారు, వాళ్ళ కోసం గుహలో గాలి సిలిండర్లు పెట్టి తిరిగొస్తూ సమన్ గునన్ అనే మాజీ నేవీ డైవర్ ప్రాణం పోగొట్టుకున్నారు, అది మర్చిపోకూడదు.

కిట్టులో లేనిది, నిజంగా మారుమూలకి వెళ్ళేవాళ్ళకి ఉండాల్సింది పర్సనల్ లొకేటర్ బీకన్. బటన్ నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద కోస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ రక్షణ వ్యవస్థ ఉపగ్రహాలకి సిగ్నల్ పోతుంది, మొబైల్ టవర్ అక్కర్లేదు, కొన్నాక పేరు రిజిస్టర్ చేయించాలి. కొన్ని దేశాల్లో ఇలాంటి శాటిలైట్ పరికరాలకి పర్మిషన్ కావాలి, వెళ్ళేముందు కనుక్కోండి. ఫోన్ అయితే పొద్దుటి నుంచీ ఫోటోలు తీసి సాయంత్రానికి 10 శాతం బ్యాటరీ మిగులుస్తారు, చలికి అది ఇంకా త్వరగా పడిపోతుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఒంటికి ఆనించి దాచుకోమనండి, కాల్ పోని చోట ఒక్కోసారి మెసేజ్ పోతుంది, అప్పుడప్పుడు ఆ మోడ్ తీసి మెసేజ్ పెట్టి చూడమనండి.

5కి మూడున్నర ఇస్తా. ఫాయిల్ బ్యాగ్, విజిల్, కార్డు, ఆ చలి పేజీ కోసం కొనొచ్చు. రంపం, గాలాలు తీసేసి ఆ చోట్లో ఇంకో ఫాయిల్ బ్యాగ్, తలకి కట్టుకునే లైటు, ఎక్స్‌ట్రా బ్యాటరీలు పెట్టండి, బుక్‌లెట్‌లో వాగు గురించి రాసిన పేజీ చింపేయండి, టాబ్లెట్లు ఎంతసేపు ఆగాలో, ఎక్స్‌పైరీ డేట్ ఎప్పుడో లావు మార్కర్‌తో పౌచ్ మీదే రాయండి. తర్వాత పిల్లల చేతికిచ్చి ఒక రాత్రి లైట్లు ఆపేసి వాళ్ళ చేతే విప్పించండి, ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తే మీ కిట్‌లో ఏం మార్చాలో మీకే తెలుస్తుంది.