ఇన్-ఎన్-అవుట్ బర్గర్: ఓరుగల్లు నాలుకకు ఎంతవరకు నచ్చుతుంది?

హన్మకొండ, కాజీపేటల నుంచి కాలిఫోర్నియాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులను, ఎప్పుడో ఒకప్పుడు అమెరికాలో శాఖలున్న బర్గర్ హోటల్ ఇన్-ఎన్-అవుట్ బర్గర్‌కు తీసుకువెళ్లడం అక్కడ ఆనవాయితీ అయిపోయింది. అక్కడ ఏమి తినవచ్చో, ఏమి కూడదో ముందుగా తెలుసుకుని వెళ్తే కౌంటర్ దగ్గర తడబడవలసిన అవసరం ఉండదు.

హ్యారీ, ఎస్తర్ స్నైడర్ దంపతులు 1948లో లాస్ ఏంజెలెస్ సమీపంలోని బాల్డ్విన్ పార్క్‌లో ప్రారంభించిన ఈ సంస్థ ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది, ఫ్రాంచైజీలు ఇవ్వదు. మాంసాన్ని గడ్డకట్టించకుండా సొంత కేంద్రాల నుంచే తాజాగా పంపుతారు కనుక, ఆ కేంద్రాలకు బాగా దూరమైన చోట శాఖలు తెరవరు. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన ఫ్రిస్కో, అలెన్ వంటి టెక్సస్‌లోని డల్లాస్ శివారు పట్టణాలకు అది 2011లో గాని చేరలేదు.

బోర్డు మీద కనిపించేవి హామ్‌బర్గర్, ఛీజ్‌బర్గర్, రెండు పట్టీల (బన్ మధ్య పెట్టే కాల్చిన మాంసపు బిళ్లల) డబుల్-డబుల్, ఫ్రైస్, షేక్‌లు, పానీయాలు మాత్రమే. మన చౌరస్తాలో బర్గర్ బండి పెట్టుకున్నవారు కూడా ఇంతకన్నా పెద్ద పట్టిక రాస్తారు! ఈ పొదుపు నాకు నచ్చింది. చేసేవి కొన్నే కనుక ప్రతిదీ శ్రద్ధగా చేస్తారు. అయితే పట్టీలన్నీ గొడ్డు మాంసంతో చేసినవే. చికెన్ లేదు, చేప లేదు, ఆలూ టిక్కీ వంటి శాకాహార పట్టీ కూడా లేదు. అంకాపూర్ నాటుకోడి రుచి మరిగిన మనవారికి ఇది పెద్ద లోటే.

బీఫ్ తిననివారికి మిగిలే దారి, బోర్డు మీద లేకపోయినా అడిగితే చేసి ఇచ్చే గ్రిల్డ్ ఛీజ్. కాల్చిన బన్ మధ్య రెండు ఛీజ్ ముక్కలు, టమాటా, లెట్యూస్ ఆకు, స్ప్రెడ్ అనే పుల్లతీపి సాస్ పెట్టి ఇస్తారు. ఆ సాస్‌లో గుడ్డు ఉంటుంది కనుక గుడ్డు ముట్టనివారు వద్దని చెప్పాలి. మాంసం కాల్చే పెనం మీదే ఉల్లిపాయలు కూడా వేయిస్తారు కాబట్టి నియమంగా ఉండేవారు పచ్చి ఉల్లినే అడగడం మేలు. బీఫ్ తినేవారైతే, పట్టీకి మస్టర్డ్ అనే ఆవాల సాస్ పూసి కాల్చి, వేగిన ఉల్లి, ఊరబెట్టిన దోసకాయ ముక్కలు, అదనపు సాస్ చేర్చే యానిమల్ స్టైల్‌నే ఎంచుకోవాలని నా సలహా.

కారం కావాలంటే ఊరబెట్టిన పసుపు మిరపకాయలు ఉచితంగా ఇస్తారు. ఎనుమాముల మార్కెట్లో తేజ మిర్చి ఘాటుకు తుమ్మిన వరంగల్ వాసులను అవి భయపెట్టలేవు గాని, ఛీజ్ జిడ్డును మాత్రం చక్కగా విరుస్తాయి. ఫ్రైస్ కోసం బంగాళాదుంపలను దుకాణంలోనే తరిగి, పొద్దుతిరుగుడు నూనెలో వేయిస్తారు. మామూలుగా వచ్చేవి మెత్తగా ఉంటాయి. కరకరలాడాలంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే వెల్‌డన్ అని చెప్పి, వేడి తగ్గకముందే తినాలి.